సైరన్ మోగితే వీధికి వినిపిస్తుందా? ఇంటి స్టూడియోకి అలారం కిట్లు, తాళాలు, కెమెరాల రివ్యూ

గోడల్లో రాక్‌వూల్ (చప్పుడు పీల్చే రాతి ఉన్ని) కూరి, రెండు తలుపులు పెట్టి, కిటికీని ఇటుకతో మూసేసిన గదిలో డోలు వాయిస్తే పక్కింటాయన నిద్ర చెడదు. అదే గదిలో ఎవడో సుత్తి పుచ్చుకుని ర్యాక్ పగలగొట్టినా చెడదు. ఇంటి స్టూడియోకి దొంగల అలారం కొనేటప్పుడు అందరూ మర్చిపోయేది ఇదే. కిట్ల డబ్బాల మీద రాసేవన్నీ మామూలు హాలుకి, బెడ్రూముకి వర్తించే మాటలు. చప్పుడు బయటికి పోకూడదని కట్టిన గదిలో సగం తిరగబడతాయి. అందుకని ఈ రివ్యూలో ప్రతి వస్తువుకీ ఒకటే పరీక్ష పెట్టాం: సౌండ్‌ప్రూఫ్ గోడకి అవతల దాని పని జరుగుతుందా, లేదా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో స్టూడియో అంటే ఎక్కువగా మేడమీద గది, లేదా పెరటివైపు రేకుల షెడ్డు. మజ్జిగౌరమ్మ పాటలు, రెండు భాషల్లో భజనలు, పెళ్ళి వీడియోలకి డబ్బింగు, ఎన్నికలొస్తే ప్రచారం పాటలు అక్కడే తయారవుతాయి. సామాను చూస్తే మైకుని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, ఒకటో రెండో కండెన్సర్ మైకులు, జత మానిటర్ స్పీకర్లు, ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్కులు. స్పీకర్లు వదిలేస్తే మిగతాదంతా ఒక్క కాలేజీ బ్యాగులో పడుతుంది, స్కూటీ ముందు పెట్టుకుని పోవచ్చు. సంక్రాంతికి శ్రీకాకుళం వైపు సొంతూళ్ళకి పోతే ఇంటికి నాలుగు రోజులు తాళం. రెండేళ్ళకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర వస్తే బరంపురం ఇళ్ళ నిండా చుట్టాలు, తలుపులు బార్లా. మొదటిది తాళం పగలగొట్టేవాడి కాలం, రెండోది చెప్పులు విప్పి మర్యాదగా లోపలికొచ్చేవాడి కాలం. ఒకే వస్తువు రెండింటికీ చాలదు.

ముందు అందరూ కొనే వస్తువు, వైఫై-జీఎస్ఎం అలారం కిట్. ఆన్‌లైన్‌లో పది పేర్లతో దొరుకుతుంది, లోపలి సరుకు దాదాపు ఒకటే. ఒక ప్యానెల్, తలుపుకి అంటించే అయస్కాంతం సెన్సర్లు రెండు, మనిషి కదలికని పట్టే పీఐఆర్ ఒకటో రెండో, రెండు రిమోట్లు, వైరుతో ఒక చిన్న సైరన్, ఒక అడాప్టర్. సెన్సర్లు 433 మెగాహెర్ట్జ్ మీద ప్యానెల్‌తో మాట్లాడతాయి. ప్యానెల్ వైఫైతో యాప్‌కి నోటిఫికేషన్ పంపుతుంది, సిమ్ వేస్తే ఫోన్ కూడా చేస్తుంది.

మంచి ముందు చెప్పాలి. ఈ కిట్‌లో పనికొచ్చేది ఆ ఫోన్ కాల్. యాప్ నోటిఫికేషన్ అర్ధరాత్రి రెండు గంటలకి ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది. కాల్ అయితే లేపుతుంది. ప్యానెల్‌లో వేసిన సిమ్ నంబరుని మీ ఫోన్‌లో ఫేవరెట్‌గా పెట్టి, డూ నాట్ డిస్టర్బ్ సెట్టింగులో ఫేవరెట్ల కాల్స్‌కి అనుమతి ఇస్తే దాన్ని కూడా దాటి మోగుతుంది. ప్యానెల్‌లో ఐదారు నంబర్లు పెట్టుకోవచ్చు. మొదటి నంబరు మీది, రెండోది పక్కింటివాళ్ళది, మూడోది అదే ఊళ్ళో ఉన్న బావమరిదిది పెట్టండి. విశాఖలో ఉన్న అన్నయ్య నంబరు పెట్టి లాభం లేదు, ఆయన కూడా మీలాగే ఫోన్ పట్టుకుని కంగారుపడతాడు తప్ప తలుపు దగ్గరికి రాలేడు.

ఇక ఇబ్బందులు. చవక ప్యానెళ్ళలో మోడెం 2జీ మాత్రమే. జియోకి 2జీ లేదు, కాబట్టి జియో సిమ్ వేస్తే ప్యానెల్ నెట్‌వర్క్ వెతుకుతూనే ఉంటుంది. కొనేముందు 4జీ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే ఆ వీధిలో 2జీ సిగ్నల్ ఇచ్చే కంపెనీ సిమ్ వేయండి. ఆ సిమ్‌కి వ్యాలిడిటీ అయిపోతే కాల్ పోదు, ఆ సంగతి మీకు చెప్పేవాళ్ళూ ఉండరు. రీఛార్జ్ తేదీని కరెంటు బిల్లు తేదీతో కలిపి పెట్టుకోండి. పెద్ద ప్యాక్ అక్కర్లేదు, అవుట్‌గోయింగ్ కాల్ ఉంటే చాలు.

వైఫై భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది. జత చేసేటప్పుడు ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే చాలాసార్లు ఫెయిల్ అవుతుంది. రూటర్ సెట్టింగులో రెండు బ్యాండ్లకీ వేరు వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ని 2.4కి మార్చి, అప్పుడు జత చేయండి. స్టూడియోకి వచ్చిపోయే గాయకులకి, మిత్రులకి ఇదే వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకండి. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి అది ఇవ్వండి.

అసలు తంటా ప్యానెల్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరుంది. చాలామంది మిక్సింగ్ టేబుల్ పక్కనే పెడతారు, చేతికి అందుతుందని. అది తప్పు. మొదటి కారణం, దొంగకి కూడా అందుతుంది. రెండోది, అల్యూమినియం రేకు అంటించిన రాక్‌వూల్ గానీ, ఇనప ఫ్రేము మీద కట్టిన గోడ గానీ ఉంటే 433 సిగ్నలూ, వైఫై, మొబైల్ సిగ్నలూ అన్నీ నీరసపడతాయి. ప్యానెల్‌ని ఇంటి లోపలి హాల్లో, అల్మరా పైన, గుమ్మం నుంచి కనబడని చోట పెట్టండి. పెట్టాక స్టూడియో రెండు తలుపులూ మూసేసి లోపల చెయ్యి ఊపి చూడండి, ఒకసారి కాదు, పదిసార్లు. పదికి పది పట్టకపోతే సెన్సర్‌ని తలుపు బయటికి జరపాలి, లేదా వైరు లాగాలి.

వైర్‌లెస్ సెన్సర్లలో ఇంకో లోపం పైకి కనబడదు. చవక కిట్లలో మాట ఒకవైపే నడుస్తుంది: సెన్సర్ చెబుతుంది, ప్యానెల్ వింటుంది. సెన్సర్ బ్యాటరీ చచ్చిపోయినా, ఎవడైనా సిగ్నల్‌ని అడ్డే జామర్ పెట్టినా ప్యానెల్‌కి తెలియదు, అంతా బాగుందనే అనుకుంటుంది. రిమోట్ కోడ్ కూడా మారదు, ఒకసారి పట్టిన కోడ్‌నే మళ్ళీ వాడొచ్చు. మన ఊళ్ళలో దొంగ రేడియో పెట్టె మోసుకు తిరుగుతాడని మేం అనం. కానీ గుమ్మం పక్క మేకుకి వేలాడే రిమోట్‌ని వాడడానికి ఏ విద్యా అక్కర్లేదు, స్టూడియోల్లో ఎక్కువగా కనబడేది ఆ మేకే. బ్యాటరీ సంగతికొస్తే, తలుపు సెన్సర్లలో తరచు వచ్చేది 12 వోల్టుల 23ఏ. కొట్లో సెన్సర్ బ్యాటరీ అంటే ఎవరికీ అర్థం కాదు, కాలింగ్ బెల్లు రిమోట్‌లో వేసేది అని అడగండి. ఏడాదికోసారి, చావకముందే మార్చేయండి.

ఇంతకంటే మంచి పద్ధతి వైరు. ప్యానెల్ వెనక వైర్డ్ జోన్ అని రెండు మూడు స్క్రూ పాయింట్లు ఉన్న మోడల్ చూసి కొంటే, తలుపుకి వైరుతో వచ్చే రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరుంటే కలిసి ఉండే స్విచ్) పెట్టుకోవచ్చు. తలుపు మూసి ఉన్నంతసేపూ సర్క్యూట్ కలిసి ఉంటుంది. తలుపు తెరిచినా మోగుతుంది, వైరు కోసినా మోగుతుంది. బ్యాటరీ గొడవ లేదు. వైరు కోసం గోడలో వేసిన కన్నాన్ని ఖాళీగా వదిలేస్తే సౌండ్‌ప్రూఫింగ్ మీద పెట్టిన ఖర్చంతా ఆ కన్నంలోంచి పోతుంది. కన్నం వాలుగా వేయండి, వైరు లాగాక ఎండిపోయినా బిగుసుకుపోని సీలెంట్‌తో రెండువైపులా నింపండి. తెల్లసిమెంటు వద్దు, నాలుగు నెలలకి పగుళ్ళు తీస్తుంది.

అయస్కాంతం సెన్సర్ అమర్చడంలోనూ స్టూడియో తలుపు వేరు. చుట్టూ మందపాటి రబ్బరు గాస్కెట్ ఉండడం వల్ల తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందు పెరుగుతుంది. చిన్న సెన్సర్లు 15, 20 మిల్లీమీటర్ల సందు దాటితే పట్టు తప్పుతాయి. ఇనప ద్వారబంధమైతే అయస్కాంతం బలం ఇనుమే మింగేస్తుంది, కింద ఒక చెక్కముక్కో ప్లాస్టిక్ ముక్కో పెట్టి ఎత్తు చేయాలి. శ్రావణ భాద్రపదాల్లో ఫ్లష్ డోర్ ఉబ్బుతుంది, చైత్రానికి కుదించుకుపోతుంది. వేసవిలో సరిగ్గా కుదిర్చిన సెన్సర్ వర్షాల్లో ఊరికే మోగుతోందంటే కారణం ఇదే. కొంచెం పెద్ద సెన్సర్ కొని, తలుపు ఉబ్బిన కాలంలోనే బిగిస్తే ఆ బాధ ఉండదు. రెండు తలుపుల స్టూడియో అయితే సెన్సర్ బయటి తలుపుకే. లోపలి తలుపు దాకా వచ్చాడంటే సగం పని అయిపోయినట్టే.

పీఐఆర్ గురించి డబ్బా మీద ఎవరూ రాయని మాట ఒకటి ఉంది. అది గదికీ మనిషి ఒంటికీ మధ్య ఉన్న వేడి తేడాని చూస్తుంది. ఏసీ కట్టేసిన మూసిన స్టూడియో, రేకుల కింద, వైశాఖ మాసం మధ్యాహ్నం మూడు గంటలకి మనిషి ఒంటి వేడికి దగ్గరగా వస్తుంది. అప్పుడు తేడా తగ్గిపోతుంది, సెన్సర్ చూపు మందగిస్తుంది. పీఐఆర్‌ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదనడం ఇందుకే. పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉన్న డ్యూయల్ రకం ఈ సమస్యని చాలావరకు తీరుస్తుంది, ధర కొంచెం ఎక్కువ. ఎత్తు రెండు మీటర్ల నుంచి రెండుంపావు లోపు, మూలలో పెట్టండి. తలుపులోంచి వచ్చేవాడు దానికి ఎదురుగా కాకుండా అడ్డంగా నడిచేలా చూడండి, అలా నడిస్తేనే బాగా పడతాడు. ఏసీ గాలి తగిలే చోట, కిటికీ ఎదురుగా పెడితే ఊరికే మోగుతుంది. కరెంటు ఇచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఊరుకోవాలి, ఆ లోపు పరీక్షించి పనిచేయడం లేదని వాపసు పంపకండి.

అద్దం పగిలిన చప్పుడు వినే సెన్సర్ కూడా అమ్ముతారు. స్టూడియోకి దండగ. ప్రతిధ్వనిని చంపేయడానికే కట్టిన గదిలో చప్పుడు విని పనిచేసే వస్తువు పరిధి తగ్గుతుంది. కంట్రోల్ రూముకీ బూత్‌కీ మధ్య అద్దం గురించి భయముంటే, దానికి అంటించే వైబ్రేషన్ సెన్సర్ నయం. పెద్ద సబ్‌వూఫర్ ఉన్న గదిలో సున్నితత్వం తక్కువలో పెట్టండి.

ఇప్పుడు సైరన్. కిట్‌తో వచ్చేది దగ్గరదగ్గర 110 డెసిబెల్ అంటుంది, అదీ ఒక మీటరు దూరంలో కొలిస్తే. దాన్ని స్టూడియో లోపల బిగిస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ప్లాస్టరు చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ 45 నుంచి 50 డెసిబెల్ దాకా తినేస్తుంది. బయటికి వచ్చేది ఇద్దరు మాట్లాడుకునేంత గొంతు. వీధిలో కుక్క కూడా తల ఎత్తదు. అదే సైరన్‌ని బయటి గోడకి సన్‌షేడ్ కింద పెడితే, దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్ తగ్గుతూ, 32 మీటర్ల దూరానికి ఇంకా 80 మిగులుతుంది. అది నాలుగిళ్ళని లేపుతుంది. కాబట్టి ఒక సైరన్ బయట, మూడు మీటర్ల పైన, వైరు పైపులో దాచి. లోపల ఇంకోటి కావాలంటే పెట్టండి, అది దొంగ చెవికి, వీధి చెవికి కాదు. మూడు నాలుగు నిమిషాల్లో దానంతట అదే ఆగేలా సెట్ చేయండి. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా నివాస ప్రాంతంలో హద్దు 45 డెసిబెల్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. దొంగ మాట అటుంచి, ఊరికే గంటసేపు మోగే సైరన్‌ని వీధి రెండోసారి నమ్మదు.

కరెంటు. ప్యానెల్ లోపలి లిథియం బ్యాటరీ కొన్ని గంటలకి సరిపోతుంది, వేసవి కోతలకి అది చాలు. కానీ ఇది ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ప్రాంతం, 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి గజపతి జిల్లాని ఊపేసిన ప్రాంతం. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు ఉండదు, వీధి చీకటి, సగం ఇళ్ళకి తాళాలు. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఛార్జరు బోర్డుతో ప్యానెల్‌కి కలిపితే, 150 మిల్లీయాంపు వాడకానికి కాగితం మీద 46 గంటలు వస్తుంది, నిజానికి 30 దాకా లెక్కవేసుకోండి. ప్యానెల్ అడాప్టర్ 12 వోల్టులదా, 5 వోల్టులదా ముందు చూడండి. ఐదుదైతే మధ్యలో కన్వర్టర్ కావాలి, నేరుగా కలిపితే ప్యానెల్ కాలిపోతుంది. రూటర్‌కీ ఫైబర్ పెట్టెకీ చిన్న డీసీ యూపీఎస్ వేరే. రెండూ నడవాలి, రూటర్ ఒక్కటే నడిస్తే నెట్ రాదు.

మొత్తం మీద కిట్‌కి మార్కులు: డబ్బాలోంచి తీసి ఎలా ఉన్నది అలా స్టూడియోలో పెడితే పదికి మూడు. ప్యానెల్ హాల్లో, తలుపుకి వైరు, సైరన్ బయట, ప్యానెల్‌కి సరిపడే సిమ్, పెద్ద బ్యాటరీ, ఇన్ని మార్పులు చేస్తే ఏడు. మార్పులకయ్యే ఖర్చు కిట్ ధరలో సగం ఉంటుంది. సీసీ కెమెరాలు బిగించే కుర్రాళ్ళు మన ఊళ్ళలో కావలసినంతమంది ఉన్నారు. అలారం జోన్ వైరింగ్ చేయించేముందు మాత్రం, "వైరు కోస్తే మోగాలి" అని ఒక్క మాట చెప్పి, పని అయ్యాక ముందర నిలబడి వైరు విప్పించి చూడండి.

అలారం చెప్పేది దొంగ వచ్చాడని. వాణ్ని ఆపేది తలుపు. ఉన్న డబ్బులో మొదటి రూపాయి కిట్‌కి కాదు, వడ్రంగికి ఇవ్వాలన్నది మా అభిప్రాయం, కిట్ గురించి ఇంత రాసినా సరే.

స్టూడియో తలుపు బరువుగా ఉంటుంది కాబట్టి గట్టిదని అనుకుంటారు. గట్టిదే, కానీ బలహీనత పలకలో ఉండదు, అంచుల్లో ఉంటుంది. తాళం నాలుక దూరే ఇనప పట్టీని ద్వారబంధానికి అరంగుళం స్క్రూలతో బిగించి వదిలేస్తారు. ఒక్క గునపం పోటుకి ఊడి వస్తుంది. వాటిని తీసి మూడంగుళాల స్క్రూలు, సన్నగా ముందు డ్రిల్ చేసి, వేయించండి. సాల చెక్క ద్వారబంధమైతే డ్రిల్ చేయకుండా బిగిస్తే స్క్రూ తల తెగిపోతుంది. ద్వారబంధాన్ని గోడకి పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్ట్‌లు పక్కకి మూడు చొప్పున ఉన్నాయా అని కట్టిన మేస్త్రిని అడగండి. అవి లేకపోతే తలుపు, తాళం, బంధం అన్నీ కలిపి ఒక్కటిగా బయటికి వస్తాయి.

చోటు కలిసొస్తుందని స్టూడియో తలుపుని బయటికి తెరుచుకునేలా పెట్టడం మామూలు. అప్పుడు బందుల పిన్నులు బయటికే ఉంటాయి. పిన్ను కొట్టేసి తలుపుని బందుల వైపు నుంచి ఊడదీస్తారు, తాళం తాళంలాగే ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేని మందు ఉంది. బందు రెండు రెక్కల్లోనూ ఎదురెదురుగా ఉన్న ఒక్కో స్క్రూ తీసేయండి. ద్వారబంధం వైపు కన్నంలో పొడుగు స్క్రూని సగం బయటికి ఉండేలా బిగించి, దాని తల కోసేయండి. తలుపు వైపు కన్నాన్ని కొంచెం లోతు చేయండి. తలుపు మూస్తే ఆ ఇనప ముక్క ఎదుటి కన్నంలోకి దూరుతుంది. ఇక పిన్ను తీసినా తలుపు కదలదు. పైనా కిందా రెండు బందులకి చేస్తే సరిపోతుంది.

తాళాల్లో మోర్టిస్ రకం తలుపు మందంలో గూడు తొలిచి పెడతారు, ఆ గూడు చప్పుడికి దారి. స్టూడియోకి తలుపు లోపలి ముఖం మీద బిగించే రిమ్ లాక్ మేలు, బయటికి ఒక్క సిలిండర్ కన్నమే కనబడుతుంది. దాని చుట్టూ సీలెంట్ పట్టించండి. బయటి తలుపుకి తాళంకప్ప కూడా వేస్తే, కప్ప ఎంత మంచిదన్నది తర్వాతి మాట. గోద్రెజ్ నవ్‌తాళ్ ఎనిమిది లివర్లది వేసినా, అది పట్టుకున్న అల్‌డ్రాపు రెండు చెక్క స్క్రూల మీద నిలిస్తే దొంగ కప్పని ముట్టుకోడు. అల్‌డ్రాపుని తలుపు ఆరపార దూరే 8 మిల్లీమీటర్ల గుండ్రటి తల బోల్టులతో, లోపలివైపు నట్టుతో బిగించాలి. కప్ప కమాను పూర్తిగా బయటికి కనబడని రకం దొరికితే కట్టర్ దవడ పట్టదు. సముద్రం గాలి తగిలే బరంపురం, గోపాలపురం వైపు ఇత్తడి లోపలి భాగాలున్న కప్పే కొనండి. లోపల నూనె పోయకండి, దుమ్ముతో కలిసి ముద్దయిపోతుంది, గ్రాఫైట్ పొడి వేయండి. పెన్సిలు ములుకు నూరి వేసినా పనిచేస్తుంది.

రేకుల షెడ్డు స్టూడియోకి తలుపు ఎంత గట్టిదైనా, పైకప్పు కూడా ఒక తలుపే. రేకుని పట్టే జె-హుక్ నట్టులు పైనే ఉంటాయి. ఒక స్పానరు, పది నిమిషాలు, చప్పుడు లేని పని. కింద జిప్సం సీలింగూ రాక్‌వూలూ ఉన్నాయిగా అనుకోవద్దు, వాటిని చేత్తో చించొచ్చు. రేకుకీ సీలింగుకీ మధ్య యాంగ్లర్ ఫ్రేము మీద రెండంగుళాల గడి వెల్డ్‌మెష్ పరిచి, ఫ్రేముని గోడలోకి దింపాలి. ఈ ప్రాంతంలో షెడ్డు స్టూడియోకి మేం చెప్పే అన్ని ఖర్చుల్లోనూ వదలకూడనిది ఇదే. సీలింగు వేశాక చేయించడం నరకం, వేయకముందే చేయించండి.

ఇటుకతో మూయకుండా ప్లైవుడ్, రాక్‌వూల్ మాత్రమే పెట్టి కప్పేసిన కిటికీ ఉంటే, బయటినుంచి ఊచలు చూడండి. పన్నెండు మిల్లీమీటర్ల ఊచలు నాలుగంగుళాలకొకటి, గోడలో దిగినవి కావాలి, బంధానికి స్క్రూ వేసినవి కావు. విండో ఏసీ ఉంటే అది కిటికీ కాదు, బయటికి లాగితే వచ్చే డ్రాయరు. బయట యాంగ్లర్ పంజరం చేయించి గోడకి వెల్డ్ పట్టీలతో పట్టించండి. చప్పుడు కోసమైనా, దొంగ కోసమైనా స్టూడియోకి స్ప్లిట్ ఏసీయే దారి.

కెమెరాల గురించి క్లుప్తంగా. లోపలి కెమెరా దొంగ ముఖం చూపిస్తుంది, మెమరీ కార్డు తన బొడ్డులోనే పెట్టుకుని దొంగతోనే పోతుంది. కార్డులోనే కాక ఇంకెక్కడికో పంపే కెమెరా కావాలి, అది క్లౌడ్ అయినా, ఇంట్లో వేరే గదిలో దాచిన రికార్డర్ అయినా సరే. సెకనుకి ఒకటిన్నర మెగాబిట్ చొప్పున రోజంతా రికార్డు చేస్తే 16 జీబీ దాకా అవుతుంది, 128 జీబీ కార్డు వారం నిలుస్తుంది. పండగకి పది రోజులు పోయేవాళ్ళు మోషన్ రికార్డింగ్‌కి మార్చుకోవాలి. కొట్లో నిఘా కెమెరా కోసం అని చెప్పి ఎండ్యూరెన్స్ కార్డు అడగండి, ఫోన్ కార్డు ఏడాదిలోపే మొరాయిస్తుంది. బయటి కెమెరాని నాలుగు మీటర్ల ఎత్తున పెడితే టోపీలు, తలపాగాలు కనబడతాయి. రెండున్నర దగ్గర, గుమ్మం మెట్టు వైపు పెట్టండి. రాత్రి లైటు వెలుగుకి సాలీడు గూడు కట్టి ప్రతి పదినిమిషాలకీ అలర్టు పంపుతుంది, నెలకోసారి బ్రష్‌తో తుడవాలి. వైఫై రూటర్, ఈ బయటి కెమెరా రెండూ స్టూడియో గోడకి బయటే ఉండాలి, లోపల ఉంటే మళ్ళీ అదే సిగ్నల్ గొడవ.

ఎయిర్‌ట్యాగ్ లాంటి ట్రాకర్లని స్పీకర్ పెట్టెలో దాచమని ఇంటర్నెట్ నిండా సలహాలే. పక్కనున్న ఫోన్ల బ్లూటూత్ మీద అది బతుకుతుంది. ఐఫోన్లు తక్కువున్న ఊళ్ళో పోయిన స్పీకర్ ఎక్కడుందో గంటల తరబడి తెలియకపోవచ్చు. పైగా తనవెంట ట్రాకర్ తిరుగుతోందని కొన్ని గంటల్లోనే దొంగ ఫోన్‌కే హెచ్చరిక పోవచ్చు. తీసుకుంటే తీసుకోండి, నమ్ముకోకండి. రూటరంత ఉండే ఇంటర్‌ఫేస్‌ని టేబుల్‌కి కట్టేసే కెన్సింగ్టన్ తీగ దీనికంటే చవక. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఇంటర్‌ఫేస్ వెనక ఆ తీగ బిగించే గాడి ఉంది. మ్యాక్‌బుక్ ఎయిర్‌కి లేదు. యాత్ర రోజుల్లో ఇంట్లోకి వచ్చిపోయేవాళ్ళ మధ్య ఈ తీగ చేసే పని అలారం చేయలేదు. ర్యాక్ సామానుకి నక్షత్రం గాడి, మధ్యలో పిన్ను ఉన్న టార్క్స్ స్క్రూలు వాడండి. మామూలు స్క్రూడ్రైవర్ దిగదు, బిట్ మాత్రం తాళాల గుత్తికి తగిలించుకోండి, లేకపోతే మీకూ దిగదు.

సామాను పోతే డబ్బు పోతుంది, హార్డ్‌డిస్క్ పోతే పాట పోతుంది. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట. ఆ బయటి కాపీ అత్తారింట్లో ఉన్న పాత డిస్కైనా చాలు, ప్రతి ఆదివారం మార్చాలి. డిస్కులో ఉన్నది దొంగ చదవకుండా విండోస్ ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్ చేసి, రికవరీ కీని కాగితం మీద వేరే ఇంట్లో పెట్టండి. ఐలాక్ డాంగిల్ (సంగీతం సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఉంచే యూఎస్‌బీ ముక్క) వాడేవాళ్ళకి ముఖ్యమైన మాట: డాంగిల్ పోతే అందులోని లైసెన్సులు కూడా దాంతోనే పోవచ్చు. కుదిరిన ప్లగిన్లని కంప్యూటర్‌కో ఐలాక్ క్లౌడ్‌కో మార్చుకోండి, అవి ఒప్పుకోని లైసెన్సులు ఉంటే డాంగిల్‌ని పని అయ్యాక తీసి జేబులో వేసుకుని పోండి.

ప్రతి వస్తువు సీరియల్ నంబరు, బిల్లు, వెనకవైపు ఫోటో ఒక ఫోల్డర్లో పెట్టి మెయిల్లో కూడా ఉంచుకోండి. మైకు పెట్టెల మీది నంబరూ మైకు మీది నంబరూ ఒకటేనా చూడండి, సెకండ్ హ్యాండ్‌వి తరచు తేడాగా ఉంటాయి. పోలీసుల దగ్గర ఈ జాబితాయే పని చేస్తుంది. ఒడిశా వైపు స్టేషన్‌లో రాత ఒడియాలో ఉంటుంది, వస్తువుల పేర్లూ నంబర్లూ టైపు చేసిన కాగితం జతచేస్తే తప్పులు దొర్లవు. బరంపురంలో పోయిన సామాను పాతిక కిలోమీటర్ల అవతల ఇచ్ఛాపురంలోనో, పర్లాకిమిడిలో పోయింది ఏటి అవతల పాతపట్నంలోనో తేలొచ్చు. మా పరిధి కాదంటే ఊరుకోకండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. 2024 జూలై 1 నుంచి ఇంట్లో దొంగతనం భారతీయ న్యాయ సంహిత 305 కిందికి వస్తుంది, తలుపు పగలగొట్టి దూరిన నేరానికి 331. రెండూ పడ్డాయో లేదో కాపీలో చూసుకోండి. ఈ 331 తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళకి పనికొస్తుంది.

ఎందుకంటే బర్గ్లరీ పాలసీ, అంటే దొంగతనం బీమా, సాధారణంగా బలవంతంగా దూరిన ఆనవాలు అడుగుతుంది. తెరిచి ఉన్న తలుపులోంచి పోయిన మైకుకి డబ్బు రాదు. బ్యాంకు లోనుతో పాటు అంటగట్టే భారత్ గృహరక్ష పాలసీ ఉంది కదా అనుకునేవాళ్ళు దాని కాగితాలు చదవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఆ పాలసీలో ఇంటి సామానుకి భవనం విలువలో 20 శాతం, పది లక్షలకి మించకుండా కవరు దానంతట అదే వస్తుంది, నిజమే. కానీ దొంగతనం మాత్రం అగ్నిప్రమాదమో తుపానో లాంటి కవరైన ప్రమాదం జరిగాక ఏడు రోజుల్లోపు, దానివల్లే జరిగితేనే. మామూలు రాత్రి దొంగతనానికి విడిగా బర్గ్లరీ కవరు తీసుకోవాలి. ప్రపోజల్ ఫారంలో ఆ గదిలో డబ్బు తీసుకుని రికార్డింగులు చేస్తున్నామని రాయండి, ప్రీమియం కొంచెం పెరుగుతుంది. రాయకుండా ఇంటి సామాను అని చూపిస్తే, సర్వేయరు గుమ్మం మీద రేట్ల బోర్డు చూసిన రోజున క్లెయిము అక్కడే ఆగిపోతుంది. ఇల్లు వరసగా ఎన్ని రోజులు ఖాళీగా ఉండొచ్చన్న షరతు కూడా ఆ కాగితాల్లోనే ఉంటుంది, సంక్రాంతి టికెట్లు బుక్ చేసేముందు చూసుకోండి.